శ్వాసయంత్రము ఎంతవరకు?

మనిషి ప్రాణముతో ఉన్నాడో లేడో తెలిసికొనుటకు వెనుకటి పెద్దలు ముక్కు దగ్గర దూదిపింజను పట్టి చూచెడివారు. దూది కదలినచో ప్రాణమున్నట్లు, కదలనిచో పోయినట్లు. మణికట్టున నాడి చూచుట, రొమ్మునకు చెవి ఆనించి గుండె చప్పుడు వినుట దీనికి తోడు. తరతరములుగా ఈ పరీక్షలు చాలినవి. ఏలయన శ్వాస, గుండె, మెదడు అను మూడింటిలో ఏది ముందుగా ఆగినను తక్కిన రెండును కొద్ది నిమిషములలోనే దానిని వెంబడించెడివి.

గడచిన డెబ్బది యేండ్లలో ఈ మూడింటి పొత్తు విడిపోయినది. నేడు యంత్రము రోగి ఊపిరితిత్తులలోనికి గాలిని పంపగలదు. గొట్టము ద్వారా ఆహారమును, నరము ద్వారా మందును ఎక్కింపవచ్చును. రొమ్ము పైకి లేచి క్రిందికి దిగుచుండును, ఒడలు వెచ్చగా నుండును, నాడి ఆడుచుండును. అయినను పిలిచిన పలుకు లేదు. ఇట్టి మనిషిని ఎన్నాళ్ళు ఇట్లుంచవలెను? ఎవరు నిర్ణయింపవలెను? దేనినిబట్టి నిర్ణయింపవలెను?

ఈ ప్రశ్నలు మహానగరములకే పరిమితమైనవి కావు. చిత్తూరు జిల్లా పూతలపట్టునుండి ఒక దారి తిరుపతికి, మరియొకటి చిత్తూరు మీదుగా వేలూరునకు పోవును. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానముల ఆదరణతో 1993లో వెలసిన శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థ కలదు. వేలూరులో 1900లో ఐడా స్కడ్డర్ అను వైద్యురాలు ఒకే మంచముతో ప్రారంభించి పెంచిన క్రైస్తవ వైద్య కళాశాల కలదు. మామిడిచెట్టుపైనుండి పడిన కూలీ, రహదారిపై మోటారు సైకిలు బోల్తాపడిన యువకుడు, మెదడులో రక్తనాళము చిట్లిన అవ్వ ఈ రెండు దారులలో ఏదో యొకదానిని పట్టి పోవుచుందురు. కొందరు నడచి తిరిగివత్తురు. కొందరి విషయమున బంధువులు వరండాలో కూర్చుండి, ఎన్నడును నేర్వని శాస్త్రములో ఒక్క పూటలో నిర్ణయము చేయవలసివచ్చును.

అట్టి వారికి ముందుగా తెలియవలసిన సంగతి ఒకటి కలదు. “స్పృహ లేదు” అను ఒక్క మాట క్రింద పెక్కు వేర్వేరు స్థితులు దాగియున్నవి. ఏ స్థితియో తెలిసిన పిమ్మటనే యంత్రమును ఉంచవలెనా, తీయవలెనా అను ప్రశ్నకు అర్థముండును.

గుండెకున్న స్వాతంత్ర్యము ఊపిరికి లేదు

గుండె కొట్టుకొనుటకు మెదడు ఆజ్ఞ అక్కరలేదు. గుండె కుడివైపు పై గదిలోనున్న చిన్న కణజాలము తనంత తానే లయ తప్పక విద్యుత్ ప్రేరణలను పుట్టించును. కప్ప గుండెను వేరుచేసి తగిన ఉప్పు ద్రావణములో ఉంచినచో అది కొంతసేపు కొట్టుకొనుచునే యుండుటను జంతుశాస్త్ర ప్రయోగశాలలలో చూచినవారు ఎందరో కలరు. గుండె వేగమును మెదడు పెంచగలదు, తగ్గింపగలదు. గుండెను నడుపవలసిన పని దానికి లేదు.

శ్వాస అట్లు కాదు. రొమ్మును కడుపును వేరుచేయు కండరపు పొరకును, పక్కటెముకల నడుమనున్న కండరములకును క్షణక్షణము ఆజ్ఞ అందవలెను. ఆ ఆజ్ఞ మెదడును వెన్నుపాముతో కలుపు కాడవంటి భాగమునుండి వచ్చును. దీనిని మెదడుకాడ అందము. ఇది పూర్తిగా నశించినచో శ్వాస ఆగును. ప్రాణవాయువు లేక గుండెయు ఆగును. కాని ఆ లోపున యంత్రము గాలిని అందించినచో, మెదడు నశించినను గుండె మాత్రము కొంతకాలము ఆడుచునే యుండును.

మెదడుకాడకు మరియొక పని కూడ కలదు. అదియే మెలకువ. మెదడుకాడలోని వలవంటి నాడీకణజాలమును ప్రేరేపించినచో మత్తులోనున్న జంతువు మెదడునందు మేలుకొన్న లక్షణములు కనబడునని మొరుజ్జి, మాగూన్ అను శాస్త్రజ్ఞులు 1949లో చూపిరి. అయితే మెలకువ వేరు, ఎరుక వేరు. దీపము వెలుగుట మెలకువ; ఆ వెలుగున ఎదుటనున్నవారిని గుర్తించుట ఎరుక. ఎరుకకు మెదడు పైపొర, దాని క్రిందనున్న నాడీకేంద్రములు కలసి పనిచేయవలెను. ఈ భాగములు మిక్కిలి సుకుమారమైనవి. శరీరపు బరువులో మెదడు పాలు నూటికి 2 వంతులే అయినను, శరీరము వాడుకొను ప్రాణవాయువులో సుమారు 20 వంతులు దానికే కావలెను. రక్తప్రసరణ ఆగిన నాలుగైదు నిమిషములకే పైపొర చెడనారంభించును. మెదడుకాడ కొంత ఎక్కువగా ఓర్చుకొనును. కనుక దీపము వెలుగుచున్నను చూచువాడు లేని స్థితి ఏర్పడవచ్చును.

యంత్రము వచ్చిన కథ

శ్వాసయంత్రము మనుష్యులను చావకుండ కట్టివేయుటకు పుట్టలేదు. శ్వాసకండరములు చచ్చుపడినవారిని ఉంచుటకు 1928లో అమెరికాలో ఇనుప పెట్టెవంటి యంత్రము వచ్చినది. 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్‌లో పోలియో మహమ్మారి చెలరేగినది. మొదటి మూడు వారములలో శ్వాస చెడిన 31 మందిలో 27 మంది మరణించిరి. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తుమందు వైద్యుడు రోగి గొంతున రంధ్రము చేసి, గొట్టము నమర్చి, రబ్బరు సంచిని చేతితో పిసికి గాలి పంపు పద్ధతిని ప్రవేశపెట్టెను. సుమారు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్ళు ఆ సంచులను పిసికిరి. మరణములు బాగుగా తగ్గినవి. నేటి తీవ్రచికిత్సా విభాగములకు నాంది ఇదియే.

ఆ రోగులకు మెదడు చక్కగా నున్నది, కండరములే చచ్చుపడినవి. చేయి అందించినచో పలువురు లేచి నిలువగలిగిరి. తరువాత అదే సాధనమును మెదడు చెడినవారికిని వాడసాగిరి. ఆపదలో అట్లు చేయుట సరియే, ఎవరు కోలుకొందురో మొదటి గంటలో చెప్పజాలము గదా. కాని యంత్రమును పెట్టుటకు చాలిన కారణము, దానిని ఎన్నటికిని తీయకుండుటకు చాలదు. 1957లోనే పన్నెండవ పయస్ పోపు మత్తుమందు వైద్యులకు సమాధానమిచ్చుచు, ఆశలేని స్థితిలో అసాధారణ సాధనములను కొనసాగించు విధి వైద్యునకు లేదని చెప్పెను. 1959లో మొల్లారె, గూలోన్ అను ఫ్రెంచి వైద్యులు కోమాను మించిన ఒక స్థితిని వర్ణించిరి. 1968లో హార్వర్డు విశ్వవిద్యాలయపు సంఘము మెదడు మరణమునకు లక్షణములను నిర్దేశించినది.

ఐదు మంచములు

ఒక గదిలో ఐదు మంచములపై ఐదుగురు రోగులున్నారని ఊహింతము. ఐదుగురును పిలిచిన పలుకరు. తలుపు దగ్గర నిలిచి చూచువారికి అందరును ఒక్కటే.

మొదటి మంచముపై నున్నవానికి మెదడుకాడ పూర్తిగా నశించినది. కంట వెలుగు వేసినను కనుపాప ముడుచుకొనదు. గ్రుడ్డును దూదితో తాకినను రెప్ప కదలదు. చెవిలో చల్లని నీరు పోసినను కండ్లు కదలవు. గొంతులో గొట్టము కదలించినను దగ్గు రాదు. ప్రాణవాయువు నందించుచు యంత్రపు శ్వాసను కొంతసేపు ఆపి, రక్తములో బొగ్గుపులుసు వాయువు పెరుగనిచ్చినను రొమ్ము కదలదు. మన దేశమున 1994 నాటి అవయవమార్పిడి చట్టము ప్రకారము నలుగురు వైద్యుల మండలి ఈ పరీక్షలు చేయవలెను. కనీసము ఆరు గంటలు గడచిన పిమ్మట మరల చేయవలెను. రెండుమారులును ఫలితము ఇదియే అయినచో ఆ మనిషి మరణించెను. గుండె ఆడుట యంత్రపు చలువ. ఇక్కడ చికిత్సను ఆపు ప్రశ్నయే లేదు, చికిత్స పొందువాడు లేడు గనుక.

రెండవ మంచముపై నున్నవాడు కోమాలో నున్నాడు. మెదడుకాడ కొంత పనిచేయుచున్నది గాని మెలకువయు లేదు, ఎరుకయు లేదు. కండ్లు తెరువడు. ఈ స్థితి సాధారణముగా కొన్ని వారములకు మించి ఉండదు. రోగి కోలుకొనును, లేదా మరణించును, లేదా తరువాతి మంచముల స్థితికి మారును. దీని తీవ్రతను కొలుచుటకు గ్లాస్గో నగరపు వైద్యులు టీస్‌డేల్, జెనెట్ 1974లో ఏర్పరచిన కొలమానము నేడు ఎల్లెడల వాడుకలోనున్నది. అందు అతి తక్కువ 3, అతి ఎక్కువ 15.

మూడవ మంచముపై నున్నవానికి మెలకువ కలదు, ఎరుక లేదు. పగలు కండ్లు తెరచును, రాత్రి నిద్రించును, ఆవులించును, ఒక్కొక్కప్పుడు కన్నీరు కూడ కార్చును. తల్లి చూచి “నన్ను గుర్తుపట్టినాడు” అనును. కాని ఆ చేష్టలలో ఉద్దేశము కానరాదు. జెనెట్, ప్లమ్ అను వైద్యులు 1972లో దీనికి వెజిటేటివ్ స్థితి యని పేరిడిరి. ఇట్టివారిలో పలువురు తామే శ్వాసింతురు. కావలసినది ఆహారపు గొట్టము, సేవ. అమెరికాలో కారెన్ క్విన్లన్ అను యువతి విషయమున 1976లో న్యాయస్థానపు అనుమతితో శ్వాసయంత్రమును తీసివేసిరి. ఆమె తానే శ్వాసించుచు 1985 వరకు జీవించెను. యంత్రమును తీయుట, చంపుట ఒక్కటి కావని చూపుటకు ఇంతకన్న మంచి తార్కాణము లేదు.

నాలుగవ మంచముపై నున్నవానికి ఎరుక కొడిగట్టిన దీపమువలె కలదు. ఒకప్పుడు అద్దమును కంటితో వెంబడించును, మరియొకప్పుడు చేయి ఎత్తుమన్న ఎత్తును. గంట గడచిన మరల ఏమియు లేదు. దీనిని స్వల్పస్పృహ స్థితి యందురు. 2002లో దీనికి ప్రత్యేక నిర్వచనము ఏర్పడినది.

ఐదవ మంచముపై నున్నవాడు అన్నియు వినుచున్నాడు, అన్నియు తెలిసికొనుచున్నాడు. మెదడుకాడ ముందుభాగము దెబ్బతినుటచే కండ్లను పైకి క్రిందికి త్రిప్పుట తప్ప ఏమియు చేయలేడు. అతని మంచము ప్రక్కన నిలిచి ఖర్చు గురించియు, కర్మకాండ గురించియు మాటలాడుట ఎంత ఘోరమో చెప్పనక్కరలేదు.

పొరపాటు ఎంత సులభము

మూడవ మంచమును నాలుగవదానినుండి వేరుచేయుట నిపుణులకును కష్టమే. బెల్జియమున జరిగిన ఒక పరిశీలన ఫలితములు 2009లో వెలువడినవి. వైద్యులందరు ఏకాభిప్రాయముతో వెజిటేటివ్ స్థితి యని చెప్పిన 44 మందిని క్రమబద్ధమైన కొలమానముతో మరల పరీక్షింపగా, 18 మందిలో స్వల్పస్పృహ కనబడినది. 2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందము ఇంకొక వింతను చూపినది. ఏమియు పలుకని ఒక యువతిని ఎమ్మారై యంత్రములో ఉంచి “టెన్నిస్ ఆడుచున్నట్లు ఊహింపుము” అనగా, ఆరోగ్యవంతుల మెదడునందు వెలుగు భాగమే ఆమె మెదడునందును వెలిగినది. 2024లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, మంచము ప్రక్కన ఏ ఆజ్ఞకును స్పందింపని 241 మందిలో 60 మంది, అనగా నలుగురిలో ఒకరు, మెదడు పరీక్షలలో ఆజ్ఞను పాటించినట్లు తేలినది.

అట్లని ప్రతి రోగియు లోపల మేలుకొనియున్నాడనుకొనరాదు; కోలుకొనునని అసలే అనుకొనరాదు. ఈ లెక్కలు నేర్పునది రెండు సంగతులు. మొదటిది, తొందరపడరాదు. తలకు దెబ్బ తగిలి వెజిటేటివ్ స్థితికి వచ్చినవారిలో ఒక సంవత్సరము వరకు, ప్రాణవాయువు అందక ఆ స్థితికి వచ్చినవారిలో మూడు నెలల వరకు కోలుకొను అవకాశము లెక్కింపదగినదని, తరువాత మిక్కిలి సన్నగిల్లునని 1994లో అమెరికా నాడీవైద్యులు చెప్పిరి. ఆ గడువు దాటియు కొందరు కొంత కోలుకొనుటచే, 2018లో ‘శాశ్వతము’ అను మాటకు బదులు ‘దీర్ఘకాలికము’ అను మాటను వాడవలెనని సూచించిరి. రెండవది, ఒకమారు చూచి తీర్పు చెప్పరాదు. వేర్వేరు వేళల, వేర్వేరు వైద్యులు, కొలమానముతో పరీక్షింపవలెను.

తెలుగునాట, దేశమున

2004 డిసెంబరులో హైదరాబాదున 25 ఏండ్ల యువకుడొకడు, చదరంగపు ఆటగాడు, కండరములు క్రమముగా క్షీణించు డుషేన్ వ్యాధితో శ్వాసయంత్రముపై నుండెను. అవయవములు చెడకముందే యంత్రమును తీసి, వాటిని ఇతరులకు ఈయవలెనని అతడు కోరెను. తల్లి ఆ కోరికను ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము ముందుంచెను. మెదడు మరణించని వానినుండి అట్లు అవయవములు తీయుటకు చట్టము ఒప్పదు గనుక న్యాయస్థానము నిరాకరించినది. కొలదిదినములలోనే అతడు మరణించెను. అతడు ఎరుక గలవాడు, తన నోట అడిగినవాడు. అట్టివాని మాటకే దారి లేనిచో, నోరులేనివాని మాట ఎవరు చెప్పవలెను?

ఈ ప్రశ్నపై శ్రద్ధ వహించినవారిలో ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానమున పనిచేసిన న్యాయమూర్తులిద్దరు కలరు. జస్టిస్ ఎం. జగన్నాథరావు అధ్యక్షతన న్యాయసంఘము 2006లో ఇచ్చిన 196వ నివేదిక, కోలుకొనజాలని రోగులకును వారి వైద్యులకును చట్టరక్షణ కావలెనని సూచించినది. జస్టిస్ పి. వెంకటరామరెడ్డి అధ్యక్షతన 2012లో వచ్చిన 241వ నివేదిక ఆ విషయమును మరల పరిశీలించినది.

ఈ రెంటి నడుమ 2011లో అరుణా షాన్‌బాగ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు వచ్చినది. 1973లో ముంబయిలో అత్యాచారమునకు గురియై, మెడకు గొలుసు బిగింపబడుటచే మెదడు చెడిన ఈ నర్సును తోటి నర్సులు 2015లో ఆమె మరణించువరకు, నలువది యేండ్లకు పైగా సాకిరి. ఆమెకు ఆహారము ఆపుటకు కోర్టు ఒప్పలేదు. కాని తగిన విచారణతో ప్రాణాధార చికిత్సను ఆపవచ్చునను సూత్రమును అంగీకరించినది. 2018 మార్చి 9న కామన్ కాజ్ అను సంస్థ వేసిన వ్యాజ్యమున ఐదుగురు న్యాయమూర్తుల పీఠము, గౌరవముతో మరణించుట జీవించు హక్కులో భాగమని తీర్పు చెప్పినది. నాటి పద్ధతి ఆచరణకు కష్టమగుటచే 2023 జనవరిలో దానిని సులభము చేసిరి.

ఆ పద్ధతి యిది. చికిత్స చేయు వైద్యుడును, కనీసము ఐదేండ్ల అనుభవముగల మరి ఇద్దరు నిపుణులును ప్రథమ మండలిగా కూర్చుందురు. జిల్లా వైద్యాధికారి నియమించిన వైద్యుడును, వేరు ఇద్దరు నిపుణులును గల రెండవ మండలి దానిని సరిచూడవలెను. ఒక్కొక్క మండలి వీలైనంతవరకు 48 గంటలలో అభిప్రాయము చెప్పవలెను. రోగి ముందుగా వ్రాసిన పత్రమున్నచో అందలి మాటను, లేనిచో దగ్గరి బంధువుల సమ్మతిని గైకొనవలెను. ఆచరణకు ముందు మేజిస్ట్రేటుకు తెలుపవలెను. అభిప్రాయభేదము వచ్చినచో ఉన్నత న్యాయస్థానమునకు పోవచ్చును. ప్రాణము తీయుటకు సూది వేయుట మాత్రము నేటికిని నేరమే.

డబ్బు చేయు నిర్ణయము

పద్ధతి యుండియు వాడుక తక్కువ. మన ప్రాంతమున తరచుగా జరుగునది వేరు. తీవ్రచికిత్సా విభాగమున ఒక్కొక్క దినమునకు అగు ఖర్చు పేదరైతు కుటుంబమునకు నెలల సంపాదన. మొదట ఆవును అమ్ముదురు, తరువాత నగలు కుదువపెట్టుదురు, ఆపైన పొలము. ఇక చాలదన్న నాడు “మా యిష్టముపై తీసికొనిపోవుచున్నాము” అని సంతకము చేసి రోగిని ఇంటికి తెత్తురు. తన ఇంట, తనవారి నడుమ, తులసి తీర్థముతో ప్రాణము పోవలెనను కోరిక మన సంప్రదాయమున సహజమైనది, గౌరవింపదగినది. కాని బండిలో గొట్టము తీయగానే శ్వాస అందక కొట్టుకొను రోగికి నొప్పి తగ్గించు మందు గాని, ఆయాసమును అణచు మందు గాని లేకుండుట గౌరవమరణము కాదు.

ఇచ్చట రెండు అన్యాయములు ఎదురెదురుగా నిలుచుచున్నవి. కోలుకొనగల యువకుని డబ్బులేక రెండవ వారములోనే తీసికొనిపోవుట ఒకటి. ఆశలేని వృద్ధుని, డబ్బున్నది గనుక, లేదా కాదనుటకు ఎవరికిని నోరు రాదు గనుక, పుండ్లుపడిన వీపుతో నెలలతరబడి ఉంచుట రెండవది. రెండింటను తప్పు ఒక్కటే: రోగి స్థితియు, రోగి ఇష్టమును గాక, మరియేదో నిర్ణయము చేసినది.

చికిత్సను మొదలుపెట్టకుండుట తప్పుకాదు గాని, పెట్టినదానిని తీయుట పాపమని పలువురు తలంతురు. ఇది ఆలోచింపవలసిన విషయము. తీయుట పాపమైనచో వైద్యులు మొదలుపెట్టుటకే జంకుదురు, కోలుకొనగలవాడును నష్టపోవును. కనుక కొన్నిచోట్ల గడువుపెట్టి చికిత్స చేయు పద్ధతి కలదు. “పది దినములు పూర్తి చికిత్స చేయుదము. ఇట్టి మార్పు కనబడినచో కొనసాగింతము, కనబడనిచో మరల కూర్చుండి మాటలాడుదము” అని వైద్యుడు మొదటనే చెప్పును. బంధువులకు ఆశయు ఉండును, హద్దును ఉండును. యంత్రమును తీసిన పిమ్మటను వైద్యము ఆగదు. నొప్పికి, ఆయాసమునకు, కలవరమునకు మందులిచ్చు ఉపశమన చికిత్స అప్పుడే ముఖ్యమగును.

అడుగవలసిన ప్రశ్నలు

వరండాలో కూర్చున్న బంధువులు వైద్యుని నాలుగు ప్రశ్నలు అడుగవలెను. మెదడుకాడ పనిచేయుచున్నదా? ఈ స్థితికి కారణము తలదెబ్బయా, ప్రాణవాయువు లోపమా, రక్తస్రావమా? స్పృహను ఎన్నిమార్లు, ఏ కొలమానముతో పరీక్షించిరి? మత్తుమందు, జ్వరము, రక్తములో చక్కెర లేక ఉప్పు తగ్గుట వంటివి ఈ స్థితికి కారణము కావని తేల్చిరా?

తమలో తాము అడుగుకొనవలసినది మాత్రము ఒక్కటే. “నాయనను ఏమి చేయమందురు?” అని అడిగినచో పెద్దకొడుకు నోట మాట రాదు, ఏది చెప్పినను జీవితాంతము మోయవలసిన బరువు. “నాయనే ఈ మంచము ప్రక్కన నిలిచి తన్ను తాను చూచుకొన్నచో ఏమనెడివాడు?” అని అడిగినచో, ఆయన ఎప్పుడో అరుగుపై కూర్చుండి అన్నమాట ఎవరికో ఒకరికి జ్ఞప్తికి వచ్చును. నిర్ణయము మరల ఆయనదే అగును.

ఆ మాటను ముందుగానే వ్రాసియుంచుట అన్నిటికన్న మేలు. పెద్దవయసు వచ్చినవారే గాక, మతి స్థిమితముగా నున్న ఏ వయోజనుడైనను ఇద్దరు సాక్షుల ఎదుట పత్రము వ్రాసి, నోటరీచే గాని గెజిటెడ్ అధికారిచే గాని ధ్రువపరపించుకొనవచ్చును. తన తరఫున మాటలాడవలసినవారి పేర్లు అందు వ్రాయవచ్చును, ఎప్పుడైనను మార్చుకొనవచ్చును. తాను కోరునది చికిత్స ఆపుట కాక, చివరివరకు చేయుటయే అయినచో, దానిని కూడ అట్లే వ్రాయవచ్చును. పొలమునకు వీలునామా వ్రాయుటకు వెనుదీయని మనము, మన ఊపిరిని గురించి నాలుగు మాటలు వ్రాయుటకు వెనుదీయనక్కరలేదు. కాగితము లేకపోయినను, ఒక సాయంకాలము ఇంటిల్లిపాదియు కూర్చున్నవేళ ఆ మాట చెప్పియుంచినచో, ఆసుపత్రి వరండాలో పిల్లలు ఒంటరివారు కారు.